24 జీబీ కార్డుపై తెలుగు వార్తల మోడల్‌ను ఫైన్‌ట్యూన్ చేయడం: మెమరీ ఎక్కడ ఖర్చవుతుంది, టోకెన్లు ఎక్కడ వృథా అవుతాయి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ఒకసారి చెప్పుకొని సమాధానంలోకి వస్తాను. మండల విలేకరులు పంపే కాపీని మీ దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్లు తిరగరాస్తారు. విలేకరి పంపిన కాపీ, జిల్లా ఎడిషన్‌లో అచ్చయిన వార్త జతలుగా మీ దగ్గర సుమారు 12,000 ఉన్నాయి. అచ్చుకు ముందు వార్త బయటి సర్వర్లకు పోరాదని యాజమాన్యం షరతు పెట్టింది కనుక, ఆఫీసులోనే ఉన్న 24 జీబీ ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు మీద 800 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకునే సంఖ్యల) లామా 3.1 అనే మెటా భాషా మోడల్‌కు, మెమరీ తక్కువ పట్టే క్యూలోరా పద్ధతిలో శిక్షణ ఇస్తున్నారు. బ్యాచ్ పరిమాణం 4, అంటే ఒక్కో స్టెప్పులో నాలుగు జతలు. శిక్షణ చక్కగా మొదలై, కొన్ని వందల స్టెప్పుల తర్వాత మెమరీ చాలదంటూ ఆగిపోతోంది. రెండో కార్డు కొనమంటారా అని అడిగారు.

ఇప్పుడే కొనవద్దు. ఈ పనికి 24 జీబీ సరిపోగా కొంత మిగలాలి. కార్డులోని మెమరీ ఏ పద్దు కింద ఎంత ఖర్చవుతోందో ముందు లెక్క వేయండి, ఆ తర్వాత ఒక్కో వార్త ఎన్ని టోకెన్లుగా (మోడల్ వచనాన్ని విరగ్గొట్టుకునే ముక్కలుగా) మారి కార్డులోకి వెళ్తోందో చూడండి. మీ చిక్కుకు మూలం ఆ రెండో లెక్కలో ఉందని నా అనుమానం.

మోడల్ మొత్తానికి శిక్షణ ఇవ్వాలంటే ప్రతి పారామీటర్‌కూ దాదాపు 16 బైట్లు కావాలి. 16 బిట్ల బరువుకు (పారామీటర్ విలువకు) 2, గ్రేడియంట్‌కు (ఆ బరువును ఎటు, ఎంత మార్చాలో చెప్పే సంఖ్యకు) 2, 32 బిట్లలో దాచే అసలు ప్రతికి 4, బరువులను సవరించే ఆడమ్ ఆప్టిమైజర్ గుర్తుపెట్టుకునే రెండు సగటులకు 8. ఈ లెక్కన 800 కోట్ల పారామీటర్లకు 128 జీబీ అవుతుంది, అందులో యాక్టివేషన్లు (లెక్క మధ్యలో పుట్టే విలువలు) ఇంకా కలవలేదు. అందుకే ఇంటి యంత్రాల మీద, చిన్న ఆఫీసుల్లో ఆ దారి ఎవరూ తొక్కరు. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రతిపాదించిన లోరాలో అసలు బరువుల మాతృకను కదపకుండా ఉంచి, దాని పక్కన రెండు సన్నని మాతృకలు చేర్చి, వాటికి మాత్రమే శిక్షణ ఇస్తారు. 4096 వరుసలు, 4096 నిలువులు ఉన్న మాతృకలో 1,67,77,216 సంఖ్యలు ఉంటే, ర్యాంకు (ఆ సన్నని మాతృకల వెడల్పు) 16 తీసుకున్నప్పుడు దాని పక్కన చేరే జతలో ఉండేవి 1,31,072 మాత్రమే. లామా 3.1 చిన్న మోడల్‌లోని 32 పొరల్లో, ఒక్కో పొరలో ఉండే ఏడు మాతృకలకూ ఇలా చేరిస్తే మొత్తం 4,19,43,040 పారామీటర్లవుతాయి. ఇది మోడల్‌లో అర శాతం చిల్లర. వీటికి 16 బైట్ల చొప్పున వేసుకున్నా 0.67 జీబీ దాటదు.

మిగిలేది కదపకుండా ఉంచిన అసలు మోడల్. దాన్ని 16 బిట్లలో పెడితే 16 జీబీ పోతుంది. 2023లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్యూలోరా దీన్ని 4 బిట్లకు కుదించింది. 64 సంఖ్యలకు ఒక స్కేలు (గుణకం) చొప్పున పెట్టి, ఆ స్కేళ్లను కూడా మరోసారి కుదించడం వల్ల ఒక్కో పారామీటర్ సుమారు 4.13 బిట్లకు వస్తుంది. అయితే 800 కోట్లను సగం బైటుతో గుణించి 4 జీబీ అనుకుంటే లెక్క తప్పుతుంది. మొదట్లో ఉండే టోకెన్ల పట్టికను, చివర ఉండే అవుట్‌పుట్ మాతృకను సాధారణంగా కుదించరు, అవి 16 బిట్లలోనే ఉంటాయి. లామా 3.1లో 1,28,256 టోకెన్లు, ఒక్కోదానికి 4096 సంఖ్యలు. అలాంటి పట్టికలు రెండు. వాటికే 2.1 జీబీ అవుతుంది. మిగతా పొరలకు 3.6 జీబీ. వెరసి 5.7 జీబీ. శిక్షణ మొదలుకాకముందు కార్డు మెమరీ ఎంత చూపిస్తోందో గమనించండి, ఈ అంకెకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఇక్కడి వరకు స్థిరమైన ఖర్చు, సుమారు 6.4 జీబీ. శిక్షణ మధ్యలో ఇది పెరగదు. పెరిగేది టోకెన్లను బట్టి మారే ఖర్చు, మీ కొంప ముంచుతున్నదీ అదే.

గ్రేడియంట్ చెక్‌పాయింటింగ్ పెట్టుకున్నారనే అనుకుంటున్నాను. లేకపోతే ముందు అది పెట్టండి, ఎందుకంటే అది లేనప్పుడు ఒక్క పొడవాటి వార్తకే యాక్టివేషన్లు అనేక జీబీలు మింగుతాయి. అది ఉంటే ఒక్కో పొర ముఖద్వారం దగ్గరి విలువలను మాత్రమే దాచుకొని, మిగతావి వెనక్కి వచ్చేటప్పుడు (గ్రేడియంట్లు లెక్కించే దశలో) మళ్లీ లెక్కిస్తారు. 2,048 టోకెన్లకు, 32 పొరలకు కలిపి దాచేది 0.54 జీబీ. ఇందుకు మూల్యం సమయం. పూర్తి శిక్షణలో మూడో వంతు పని పెరుగుతుందని చెప్పే మాట లోరాకు అంతగా వర్తించదు. లోరాలో అసలు బరువులకు గ్రేడియంట్ లెక్కించే పని లేదు కనుక వెనక్కి వచ్చే దశ తేలిక, దానితో పోలిస్తే ముందు దశను మరోసారి నడపడం దామాషాలో ఎక్కువగానే కనిపిస్తుంది. అయినా ఈ కార్డు మీద అది తప్పని ఖర్చు.

అసలు పెద్ద పద్దు మరొకటి ఉంది, దాన్ని ట్యుటోరియల్ వీడియోలలో ఎవరూ చూపించరు. చివరి పొర దాటాక మోడల్ ప్రతి టోకెన్ స్థానంలోనూ నిఘంటువులోని (తనకు తెలిసిన టోకెన్ల జాబితాలోని) అన్ని టోకెన్లకూ ఒక్కో స్కోరు ఇస్తుంది. వీటిని లాజిట్లు అంటారు. 2,048 స్థానాలు, ఒక్కోదానిలో 1,28,256 స్కోర్లు, లాస్ (మోడల్ ఎంత తప్పిందో చెప్పే అంకె) లెక్క కోసం ఒక్కో స్కోరుకు 4 బైట్లు: 1.05 జీబీ. దాని గ్రేడియంట్‌కు మరో 1.05 జీబీ. 16 బిట్లలో మొదట వచ్చిన ప్రతికి మరో అర జీబీ. అంటే ఒక్క వార్తకు, ఒక్క ఘడియలో, లోరా పారామీటర్లకూ ఆప్టిమైజర్‌కూ కలిపి అయ్యేదానికంటే నాలుగింతలు ఈ స్కోర్ల పట్టికకే పోతోంది. యాక్టివేషన్లు, తాత్కాలిక లెక్కలు కూడా కలుపుకుంటే ప్రతి 1,000 టోకెన్లకు సుమారు ఒకటిముప్పావు జీబీ అని పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ యంత్రంలో జరుగుతున్నది చూద్దాం. నాలుగు వార్తల బ్యాచ్‌లో ఒక్కోటి 1,000 టోకెన్లయితే 7 జీబీ, స్థిరమైన ఖర్చు 6.4 జీబీ, మొత్తం 13.4. హాయిగా నడుస్తుంది. కొన్ని వందల స్టెప్పుల తర్వాత ఏ గ్రామసభ తీర్మానాల గురించో, ఏ జాతర గురించో రాసిన పెద్ద కాపీ ఒకటి 3,000 టోకెన్లతో వస్తుంది. బ్యాచ్‌లోని మిగతా మూడింటినీ దాని పొడవుకు ప్యాడింగ్‌తో సాగదీస్తారు కనుక 12,000 టోకెన్లు అవుతాయి. 21 జీబీ, దానికి తోడు 6.4. కార్డు చేతులెత్తేస్తుంది. డేటాను కలగలిపి పంపుతున్నారు కాబట్టి ఆ పెద్ద కాపీ ఎప్పుడు వస్తుందో అదృష్టం మీద ఆధారపడి ఉంది. మెమరీ ఎక్కడో కారిపోతోందని చాలామంది ఇక్కడే పొరబడి, లైబ్రరీల వెర్షన్లు మారుస్తూ కాలక్షేపం చేస్తారు. శిక్షణ మొదలుపెట్టే ముందు అన్నింటికంటే పొడవైన నాలుగు జతలను ఏరి, వాటితో రెండు స్టెప్పులు నడిపి చూడండి. అవి దాటితే మిగతావన్నీ దాటుతాయి.

దాటకపోతే చేయవలసినవి మూడు. బ్యాచ్‌ను 1కి తగ్గించి, గ్రేడియంట్ అక్యుములేషన్‌ను (ఎన్ని బ్యాచ్‌ల గ్రేడియంట్లు కలిపాక బరువులు మార్చాలో చెప్పే సంఖ్యను) 16కి పెంచండి. పొడవు పరిమితి పెట్టి, అది మించిన జతలను తుంచకుండా పక్కన పెట్టండి, ఎందుకంటే తుంచితే సగంలో ఆగిన వార్తే సరైన వార్త అని మోడల్ నేర్చుకుంటుంది. లాజిట్ల పట్టిక మొత్తాన్ని ఒకేసారి పరచకుండా ముక్కలు ముక్కలుగా లాస్ లెక్కించే కెర్నల్ (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాము) వాడండి. 2024లో లింక్‌డిన్ విడుదల చేసిన లైగర్ కెర్నల్‌లో ఈ సదుపాయం ఉంది, అన్‌స్లాత్ అనే శిక్షణ లైబ్రరీలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఈ మూడోది ఒక్కటి పెట్టుకున్నా మీ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అక్యుములేషన్ విషయంలో ఒక హెచ్చరిక: వేర్వేరు పొడవుల బ్యాచ్‌ల లాస్‌లను సగటు తీసేటప్పుడు పొట్టి వార్తల టోకెన్లకు అనుచితంగా ఎక్కువ బరువు పడే లోపం ఒకటి ఉండేది, 2024 అక్టోబరులో అది బయటపడి సరిచేశారు. మీ ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీ అంతకంటే పాతదైతే మార్చండి.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన విషయానికి వస్తాను. యూనికోడ్‌లో ప్రతి తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ‘గ్రామపంచాయతీ’ అనే మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లుతో కలిపి 12 సంకేతాలున్నాయి, అంటే 36 బైట్లు. తెలుగు పరిచయం లేని టోకెనైజర్ (వచనాన్ని టోకెన్లుగా విరిచే భాగం) దీన్ని బైట్ల స్థాయికి విరగ్గొడితే ఒక్క మాటకే 36 టోకెన్ల దాకా పోవచ్చు; తెలుగు ముక్కలు ఎక్కువగా తెలిసినది మూడు నాలుగు టోకెన్లలో ముగించగలదు. లామా 3.1 అధికారికంగా మద్దతిచ్చే ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. మీ 12,000 జతల్లోంచి 200 తీసి, టోకెన్ల సంఖ్యను మాటల సంఖ్యతో భాగించండి. ఇదే పనిని గూగుల్ మోడల్ గెమ్మా 3 మీద, బెంగళూరు సంస్థ సర్వం 2024లో తెలుగుతో సహా పది భారతీయ భాషల కోసం విడుదల చేసిన సర్వం-1 మీద కూడా చేయండి. పావుగంట పని. మాటకు నాలుగు టోకెన్లకు మించి వస్తుంటే ఆ మోడల్‌ను నేనైతే పక్కన పెడతాను. టోకెన్లు రెండింతలైతే శిక్షణ సమయం రెండింతలవుతుంది, మెమరీలో మారే ఖర్చు రెండింతలవుతుంది, తర్వాత డెస్కులో వాడేటప్పుడు ప్రతి వార్తకూ వేచి ఉండే సమయమూ రెండింతలవుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. తెలుగు ముక్కలు ఎక్కువ తెలియాలంటే నిఘంటువు పెద్దది కావాలి, నిఘంటువు పెద్దదైతే పైన చెప్పిన లాజిట్ల పట్టిక వెడల్పవుతుంది. గెమ్మా 3లో సుమారు 2,62,000 టోకెన్లున్నాయి, లామాకు రెండింతలు. ఒక్కో స్థానానికి ఖర్చు రెట్టింపయినా స్థానాల సంఖ్య సగానికి తగ్గితే లెక్క సమానం. మూడో వంతుకు తగ్గితే మీకు లాభం. ముక్కలుగా లాస్ లెక్కించే కెర్నల్ ఉంటే ఈ బెడద ఎటూ తప్పుతుంది కాబట్టి నా మొగ్గు పెద్ద నిఘంటువు వైపే. గెమ్మా 3లో 400 కోట్లు, 1,200 కోట్ల పారామీటర్ల పరిమాణాలు రెండూ మీ కార్డుకు తగినవే. చిన్నదానితో మొదలుపెట్టి, డెస్కు పెదవి విరిస్తేనే పెద్దదానికి వెళ్లండి. ఏ మోడల్ తీసుకున్నా వాణిజ్య వినియోగానికి లైసెన్సు అనుమతిస్తుందో లేదో యాజమాన్యం చదవాలి.

టోకెనైజర్ ఎంత మంచిదైనా, పాత ఫాంట్ల నుంచి మార్చిన వచనాన్ని అలాగే పోస్తే ఫలితం దక్కదు. మీ దగ్గరున్న అచ్చు వార్తల్లో పాతవి అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో కూర్చినవై ఉంటాయి, వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చి ఉంటారు. ‘జై’లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, టోకెనైజర్‌కు మాత్రం వేర్వేరు మాటలు. అలాగే ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో పొల్లును నిలిపే కనిపించని సంకేతం ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. అలాంటి రెండు సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చితే మొదటి సమస్య పోతుంది. రెండోదానికి ఏదో ఒక పద్ధతి ఎంచుకొని మొత్తం డేటాకు ఒకేలా వర్తింపజేయండి. కన్వర్టర్ తారుమారు చేసిన గుణింతాలను పట్టడానికి ఒక చిన్న స్క్రిప్టు చాలు: మాట మొదట్లో గుణింతపు గుర్తు వచ్చినా, రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన వచ్చినా ఆ జతను తీసేయండి.

నా దృష్టిలో మీ పనికి అన్నింటికంటే ప్రమాదకరమైన అంశం మెమరీకి సంబంధించింది కాదు. ఇలాంటి జతను ఊహించండి. విలేకరి పంపింది: ‘మండల కేంద్రంలో నిన్న రాత్రి లారీ బైక్ ఢీ ఒకరు మృతి ఇద్దరికి గాయాలు పోలీసులు కేసు నమోదు చేశారు.’ అచ్చయింది: ‘మండల కేంద్రంలోని బస్టాండు సమీపంలో శనివారం రాత్రి 9.30 గంటలకు లారీ ఢీకొని ద్విచక్రవాహనంపై వెళ్తున్న యువకుడు (24) అక్కడికక్కడే మృతిచెందారు.’ బస్టాండు, శనివారం, తొమ్మిదిన్నర, ఇరవై నాలుగేళ్లు, అక్కడికక్కడే: ఇవేవీ కాపీలో లేవు. సబ్ ఎడిటర్ విలేకరికి ఫోన్ చేసి కనుక్కొని రాశారు. మోడల్‌కు ఫోన్ సంగతి తెలియదు. చేతిలో లేని సమయాన్నీ, వయసునూ చేర్చడమే మంచి సంపాదకత్వమని అది నేర్చుకుంటుంది. రేపు డెస్కులో కూర్చున్నవారికి నమ్మదగిన వాక్యంలో ఎవరిదో కల్పిత వయసు అందిస్తుంది, పేజీ మూసే వేళ ఎవరూ సరిచూడరు. పత్రిక మీద కేసు పడేంత విషయమిది.

అందుచేత, అచ్చు వార్తలో ఉండి కాపీలో లేని అంకె ఏదైనా ఉంటే ఆ జతను శిక్షణ నుంచి తొలగించండి. ‘5’ అని ఒకచోట, ‘ఐదుగురు’ అని మరోచోట ఉంటే తప్పుగా తొలగిపోతాయి కనుక అంకెల మాటలకు ఒక చిన్న పట్టిక తయారు చేసుకోవాలి. ఊళ్ల పేర్లకూ, మనుషుల పేర్లకూ ఇదే పరీక్ష పెట్టాలి. విభక్తులు అతుక్కొని మారే మాటలు కాబట్టి మొదటి నాలుగైదు సంకేతాలు కలిస్తే చాలునని పెట్టుకోండి. ‘నిన్న’ను ‘శనివారం’గా మార్చడం న్యాయమైన పనే, అయితే మోడల్‌కు తేదీ తెలియాలి. కాబట్టి ప్రతి కాపీ పైన తేదీ, వారం, ఎడిషన్ పేరు ఇన్‌పుట్‌లో భాగంగా ఇవ్వండి. ఇంత జల్లెడ పట్టాక 12,000లో ఏ ఏడెనిమిది వేలో మిగిలినా దిగులు పడవద్దు. 2023లో మెటా పరిశోధకులు జాగ్రత్తగా ఎంచిన 1,000 ఉదాహరణలతోనే పెద్ద మోడల్‌ను చక్కగా మలిచి చూపించారు. శైలి నేర్పడానికి సంఖ్య కంటే శుభ్రత ముఖ్యం.

పరీక్షకు జతలను యాదృచ్ఛికంగా విడదీయకండి. ఒకే ఘటన మీద ఇద్దరు విలేకరులు పంపిన కాపీల్లో ఒకటి శిక్షణలో, మరొకటి పరీక్షలో పడితే ఫలితం అబద్ధంగా బాగుంటుంది. తేదీ ప్రకారం విడదీసి, చివరి రెండు నెలల వార్తలను పరీక్షకు ఉంచండి. శిక్షణకు ముందు అదే మోడల్‌కు ఐదు మంచి ఉదాహరణలు ప్రాంప్టులో ఇచ్చి వంద వార్తలు రాయించి దాచుకోండి. మీ శిక్షణ ఫలితాన్ని పోల్చవలసింది దానితో.

లాస్‌ను అచ్చు వార్త భాగం మీదే లెక్కించాలి, కాపీ భాగాన్ని మాస్కు చేయాలి, అంటే లెక్కలోంచి తప్పించాలి. ఇది అందరూ చెప్పేదే. తక్కువమంది చూసేది ముగింపు టోకెన్ సంగతి. ప్యాడింగ్ టోకెన్‌గా ముగింపు టోకెన్‌నే పెడితే, ప్యాడింగ్‌ను మాస్కు చేసేటప్పుడు వార్త చివర ఉన్న అసలు ముగింపు కూడా మాస్కులో కొట్టుకుపోతుంది. ఎక్కడ ఆగాలో మోడల్ నేర్చుకోదు. ప్రమాద వార్త అయిపోగానే కొత్త పేరాలో ఏ రైతు ధర్నా గురించో తనంతట తాను మొదలుపెడుతుంది. లామా 3.1లో ప్యాడింగ్ కోసమే కేటాయించిన టోకెన్ ఉంది, గెమ్మాలోనూ ఉంది, దాన్నే వాడండి. మొదటి బ్యాచ్‌ను తెరిచి, మాస్కు కాని టోకెన్లను మాత్రం తిరిగి వచనంగా మార్చి ముద్రించి చూడండి. అందులో అచ్చు వార్త మొత్తం, చివర ముగింపు టోకెన్ ఒకటి కనిపించాలి. ఇంకేమీ కనిపించకూడదు.

సెట్టింగుల గురించి పెద్దగా చర్చ అనవసరం. ర్యాంకు 16, ఆల్ఫా (లోరా ప్రభావం ఎంతో చెప్పే గుణకం) 32, అటెన్షన్‌తో పాటు అన్ని లీనియర్ మాతృకలకూ లోరా, లెర్నింగ్ రేటు 0.0002, బీఎఫ్16 (16 బిట్ల సంఖ్యా రూపం), రెండు ఎపాక్‌లు (డేటా మొత్తాన్ని రెండుసార్లు చూపడం). ర్యాంకును 64, 128 అంటూ పెంచడం కంటే లోరాను అన్ని మాతృకలకూ పెట్టడం ముఖ్యమని క్యూలోరా పరిశోధనలోనే తేలింది. రెండో ఎపాక్ మొదలైన చోట శిక్షణ లాస్ మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పడి, పరీక్ష లాస్ మాత్రం పెరుగుతూ ఉంటే మోడల్ వార్తలను బట్టీ పడుతోందన్నమాట, ఒక ఎపాక్‌తో ఆపేయండి. పొడవుల వారీగా గుంపులు కట్టి బ్యాచ్‌లు చేసే సదుపాయాన్ని తప్పక పెట్టుకోండి. 400, 450, 500, 2,600 టోకెన్ల వార్తలు నాలుగు ఒకే బ్యాచ్‌లో పడితే 10,400 స్థానాల్లో పనికొచ్చేవి 3,950 మాత్రమే, మిగతా 62 శాతం ప్యాడింగ్ మీద కరెంటు కాల్చడం. చిన్న వార్తలను ఒకే వరుసలో పేర్చే ప్యాకింగ్ ఇంకా మేలు, కాకపోతే ఒక వార్త పక్క వార్తను చూడకుండా హద్దులు పాటించే అటెన్షన్ అమలై ఉందో లేదో రూఢి చేసుకోవాలి.

సమయం ఎంత పడుతుందో ముందే అంచనా వేయవచ్చు. 8,000 జతలు, ఒక్కోటి 1,500 టోకెన్లనుకుంటే ఎపాక్‌కు 1.2 కోట్ల టోకెన్లు. చెక్‌పాయింటింగ్‌తో లోరాకు ఒక్కో టోకెన్‌కు, ఒక్కో పారామీటర్‌కు సుమారు 6 లెక్కలు. 3090 కార్డు ఈ తరహా పనిలో కాగితం మీద సెకనుకు 71 టెరాఫ్లాప్‌లు (71 లక్షల కోట్ల లెక్కలు) చేయగలదు, ఆచరణలో మూడో వంతు వస్తే సంతోషించాలి. ఆ లెక్కన 800 కోట్ల మోడల్‌కు ఎపాక్ ఆరు నుంచి ఏడు గంటలు. సాయంత్రం పెట్టి వెళ్తే పొద్దున్నకు ఒక ఎపాక్ అయిపోతుంది. మీ అనుభవంలో ఇది ఇరవై గంటలు చూపిస్తుంటే టోకెనైజర్‌నూ ప్యాడింగ్‌నూ అనుమానించండి.

కార్డు పూర్తి సామర్థ్యంతో 350 వాట్లు లాగుతుంది. డ్రైవర్‌లోని పవర్ పరిమితిని 280 వాట్లకు దించితే వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. ఈ కార్డులో మెమరీ చిప్పులు కొన్ని వెనక వైపు ఉంటాయి, ముందున్న ఫ్యాన్ల గాలి వాటికి తగలదు. మే నెలలో ఏసీ ఆపేసిన గదిలో రాత్రంతా నడిపే ఉద్దేశం ఉంటే ఈ పని ముందే చేయండి. కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ ఉన్నా లేకున్నా ప్రతి 200 స్టెప్పులకు ఒకసారి దాచుకోండి, లోరా ఫైలు ఆప్టిమైజర్ స్థితితో కలిపి కూడా అర జీబీ చుట్టూ ఉంటుంది.

శిక్షణ అయ్యాక వంద పరీక్ష వార్తలను, ఏది మోడల్ రాసిందో, ఏది ప్రాంప్టుతో రాయించిందో, ఏది డెస్కు రాసిందో చెప్పకుండా ఒక సీనియర్ సబ్ ఎడిటర్‌తో చదివించండి. శైలికి మార్కులు ఎలా వేసినా, కాపీలో లేని విషయం ఎన్నిసార్లు చేరింది, ఉన్న విషయం ఎన్నిసార్లు జారిపోయింది అన్న రెండు లెక్కలు మాత్రం విడిగా రాయించండి. తర్వాత డెస్కులో వాడకానికి లోరాను 16 బిట్ల అసలు మోడల్‌లో కలిపి, జీజీయూఎఫ్ (సొంత యంత్రం మీద మోడల్ నడపడానికి వాడే ఫైలు రూపం)గా మార్చి, మళ్లీ 4 బిట్లకు కుదించే పద్ధతి అనుసరిస్తే, ఆ కుదింపు శిక్షణలో వాడిన కుదింపు ఒకటి కాదని గుర్తుంచుకోండి. చిన్న తేడాలు వస్తాయి. పరీక్ష వార్తలను ఆ చివరి రూపంతోనే మళ్లీ రాయించి, పై రెండు లెక్కలూ మరోసారి తీయాలి.

రెండో కార్డు సంగతి. రెండు కార్డుల్లోనూ మోడల్ ప్రతి ఒక్కోటి పెట్టి డేటాను పంచితే సమయం దాదాపు సగమవుతుంది, ఒక్కో కార్డు మీది మెమరీ హద్దు మాత్రం అలాగే ఉంటుంది, కనుక ఇప్పటి మీ చిక్కు దానితో తీరదు. మోడల్‌నే రెండు కార్డులకు పంచే పద్ధతి 7,000 కోట్ల పారామీటర్ల మోడళ్లకు పనికొస్తుంది; రెండు 24 జీబీ కార్డుల మీద అది సాధ్యమని ఆన్సర్.ఏఐ అనే పరిశోధన సంస్థ 2024 మార్చిలో చూపింది. కాపీని దిద్దే పనికి అంత మోడల్ అక్కర్లేదని నా అంచనా. ఎప్పుడైనా ఆ అవసరం వస్తే 4090 కంటే మరో 3090 వెతకండి, ఎందుకంటే రెండు కార్డులను నేరుగా కలిపే ఎన్‌వీలింక్ 3090లో ఉంది, 4090లో తీసేశారు. కార్డు కంటే ముందు మీ యంత్రంలోని పవర్ సప్లయ్ ఎన్ని వాట్లదో చూసుకోండి. రెండు 3090లకే 700 వాట్లు కావాలి, క్షణకాలం అంతకు మించీ లాగుతాయి, 1,200 వాట్లకు తక్కువైతే రాత్రి మధ్యలో యంత్రం దానంతట అది ఆగిపోవచ్చు.